వయసు తెలియని చోట

మిరపకాయ బజ్జీల వాసన వస్తే నేను ఇప్పటికీ రోడ్డు అవతలికి దాటిపోతాను. బజ్జీల మీద నాకేం కోపం లేదు. మధిర స్టేషను బయట బండి మీద వేసేవి తిని పెరిగినవాణ్ణే. కానీ ఖమ్మంలో ఒక అతిథి గృహం మేడ మీద కూర్చుని, అడవి ఊళ్ళలో జబ్బులకు మందు ఎలా ఇవ్వాలో మేం పుస్తకం రాసిన రోజుల్లో ప్లేట్ల నిండా అవే వచ్చేవి. నూనె కారే వేళ్ళతోనే డ్రాఫ్టు కాగితాలు తిప్పేవాళ్ళం. కమిటీకి పెద్దగా హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు తన ముందున్న కాగితం మూల చింపి, పుల్లలా చుట్టి, దాంతో పళ్ళు కుట్టుకునేవాడు. ఒకసారి అలా చింపిన ముక్కతో పాటు పాముకాటు గురించిన వాక్యం సగం పోయింది. టైపిస్టు మిగతా సగాన్నే శ్రద్ధగా టైపు చేసి తెచ్చాడు. అది నా కంట పడింది కాబట్టి సరిపోయింది. నా కంట పడనివి ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నేను చర్ల అవతల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా ఉన్నాను. కేంద్రం అంటే రెండు గదులు, ఒక వరండా, వానొస్తే రెండు గదుల్లోనూ కురిసే కప్పు. నా కింద ఉన్న ఊళ్ళలో సగానికి పైగా వాగు అవతల ఉండేవి. వాగొచ్చిందంటే జీపు పోదు, నేను పోలేను. అందుకని ఊరికొకరిని, ఆ ఊరి మనిషినే, హెల్త్ వర్కరుగా పెట్టి చేతికొక రేకు పెట్టె ఇచ్చారు. అందులో జ్వరం బిళ్ళలు, గజ్జి మందు, దూది, విరేచనాలకు నీళ్ళలో కలిపి తాగించే పొడి పొట్లాలు ఉండేవి. వానాకాలమంతా ఆ పెట్టె ఉన్న మనిషే ఆ ఊరికి డాక్టరు.

వాళ్ళకు ఒక పుస్తకం కావాలన్న మాట నిజమే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ప్రతి డాక్టరూ ఒక్కో రకంగా చెప్పిపోయేవాడు. ఒక ఊళ్ళో ఒకాయన గజ్జికి పూసే మందును దగ్గుకు తాగించాడు. అడిగితే "సీసాలు ఒక్క తీరుగనే ఉన్నయి గదా సారూ" అన్నాడు. నిజంగానే రెండు సీసాలూ ఒక్కలాగే ఉండేవి. కాబట్టి ఏ జబ్బుకు ఏమివ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వకూడదు అన్నది తెలుగులో, పెద్దక్షరాల్లో చిన్న పుస్తకంగా వేస్తామని జిల్లా నుంచి ఉత్తరం వచ్చినప్పుడు సంతోషించాను. కమిటీలో అడవి వైపు నుంచి నా ఒక్కడి పేరే ఉందని చూసుకుని పొంగిపోయాను. ఆ సంగతి మా ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

కమిటీకి వెళ్ళే ముందు నేను చేసిన ఒకే ఒక మంచి పని, వాగు దాటి ఒక ఊరికి వెళ్ళి రెండు రోజులు ఉండటం. అక్కడి హెల్త్ వర్కరు ఒక కోయ స్త్రీ. నలభై దాటి ఉంటాయని నా లెక్క. ఆమెకు ఆ లెక్క లేదు. ఆశ్రమ బడిలో అయిదు దాకా చదివింది, కూడబలుక్కుంటూ చదివేది. నన్నే కాదు, ఎవరొచ్చినా "నువ్వు" అనే అనేది, కలెక్టరునైనా సరే. మొదట్లో నాకు చివుక్కుమనేది. తర్వాత ఎవరైనా "తమరు" అంటేనే అనుమానం వచ్చేది.

ఆ ఊళ్ళలో జ్వరం అంటే చలిజ్వరమే. దాని బిళ్ళ చేదు విషం. తక్కువైతే జ్వరం పోదు, ఎక్కువైతే ప్రాణమే పోతుంది, పిల్లలకైతే మరీను. వయసును బట్టి ఇన్ని బిళ్ళలని మేం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ ఊళ్ళో ఎవరి వయసూ ఎవరికీ తెలియదు. నేను ఉండగానే ఒక తల్లి, ఒళ్ళు కాలిపోతున్న పిల్లను ఆమె దగ్గరికి తెచ్చింది.

"పిల్లకు ఎన్నేండ్లు?" అని నేను ఆమెను అడిగాను.

"ఏమో. ఎవలకెరుక?"

"మరి గోలీలు ఎన్నియ్యాల్నో నీకెట్ల తెలుస్తది?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "చంకల పిల్లకు సగం. అమ్మెంబడి నడిసే పిల్లకు ఒకటి. ఇప్పపువ్వు ఏరి బుట్ట నెత్తిన పెట్టుకొచ్చే పిల్లకు రెండు. కావడి మోసేటోనికి మూడు. పెండ్లయినోళ్ళకు నాలుగు."

"బక్కగ ఉంటే?"

"ఒక మెట్టు దిగుత. గిది గూడ తెల్వదా సారూ?"

అని, పిల్ల మణికట్టును తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసింది. నోరు తెరిపించి పళ్ళు చూసింది. సంతలో ఎద్దును కొనేటప్పుడు మా నాన్న అలాగే చూసేవాడు. పాలపళ్ళు ఊడుతున్న పిల్ల అయితే బుట్ట మోయగలదు, ఒక్కటీ ఊడని పిల్ల మోయలేదు. అదీ ఆమె లెక్క. మర్నాడు నేను వెంట తెచ్చిన తూకం కాటాను చెట్టుకొమ్మకు కట్టి, పట్టుబడిన పిల్లల్నందరినీ జోలెలో వేసి తూచాను. ఆమె ఏ మెట్టు మీద పెట్టిందో, బరువును బట్టి నేనైతే ఎంత ఇచ్చేవాణ్ణో పక్కపక్కనే రాసుకున్నాను. దిద్దడానికి నాకేమీ దొరకలేదు. అన్నేళ్ళు డాక్టరీ చదివినవాడికి మింగుడుపడే సంగతి కాదది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఖమ్మం వెళ్ళాను. అప్పటికే పుస్తకం సగం తయారైంది. ఏ జబ్బు పేజీ తీసినా కింద చివరి వాక్యం ఒక్కటే, "వెంటనే ఆసుపత్రికి పంపవలెను" అని. వాగొచ్చినప్పుడు ఎలా పంపాలని నేను అడిగితే, అది రోడ్లు వేసేవాళ్ళను అడగాల్సిన ప్రశ్న అన్నారు. సరే, అది మింగాను. నా వంతు వచ్చినప్పుడు లేచి, ఆమె మెట్లు చదివాను. చంకలో పిల్ల, నడిచే పిల్ల దాకా అందరూ ఊరుకున్నారు. ఇప్పపువ్వు దగ్గరికి రాగానే పెద్దాయన నవ్వాడు. నములుతున్న బజ్జీ పొరపోయింది. నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు.

"ఇప్పపువ్వంటే సారా కదయ్యా! గవర్నమెంటు పుస్తకంలో సారా పువ్వు పెడతామా?"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ హాల్లో వినేవాళ్ళకే చెప్పేవాడు లోకువ.

"పైగా పువ్వులేరే పిల్ల, కావడి మోసే పిల్లాడు అని అచ్చువేస్తే, పసిపిల్లల చేత పని చేయిస్తున్నామని అసెంబ్లీలో ప్రశ్న వేస్తారు. జవాబు నువ్వు రాసిస్తావా?"

"వాళ్ళకు వయసులు తెలియవు సార్" అన్నాను.

"తెలియకపోతే తెలుసుకోవాలి. అసలు చూసి చెప్పడమేమిటయ్యా? ఈవిడ ఒకలా చూస్తుంది, పక్క ఊరాయన ఇంకోలా చూస్తాడు. కళ్ళకు ప్రమాణం ఏముంది?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆయన మూర్ఖుడైతే నాకు ఇంత రోత పుట్టేది కాదు. ఆయన తెలివైనవాడు. గజ్జి మందు తాగించినాయన సంగతి నేనే ఆయనకు చెప్పాను. కానీ "ఒకసారి వాగు దాటి చూసొద్దాం రండి సార్" అంటే మాత్రం, "ఫీల్డ్ టెస్టు అయిపోయిందిగా" అన్నాడు. ఆ టెస్టు ఎలా జరిగిందో ముందు రోజు వెంట వెళ్ళి నేను కళ్ళారా చూశాను. తారు రోడ్డు పక్కన, కారు నీడలో నిలిపే వీలున్న ఒక ఊళ్ళో, నలుగురు వర్కర్లను వరసగా నిలబెట్టి డ్రాఫ్టు పైకి చదివించారు. తడబడకుండా చదివారు. అయితే అర్థమైనట్టే అని రాసుకుని, కొబ్బరినీళ్ళు తాగి వెనక్కి వచ్చారు.

సాయంత్రం నాలుగు దాటింది. పెద్దాయనకు రైలు టైమవుతోంది. వయసుల పట్టిక ఉండి తీరాల్సిందే, వయసు తెలియకపోతే ఏం చేయాలో ఎవరైనా ఒక్క వాక్యం చెప్పండి అన్నాడు. అప్పుడు నేను చెప్పాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇందాక నవ్వినవాళ్ళ ముందు నేనూ పనికొచ్చేవాణ్ణే అనిపించుకోవాలన్న తహతహ తప్ప అందులో ఇంకేమీ లేదు.

"వయసు తెలియని చోట రేషను కార్డులోగాని బడి రిజిస్టరులోగాని ఉన్న వయసును తీసుకోవలెను."

"శభాష్! రాసుకోండి" అన్నాడాయన. దాని కింద ఇంకో వాక్యం ఆయనే చేర్చాడు, "కంటి అంచనాతో మందు ఇవ్వరాదు" అని. బస్సులో భద్రాచలం మీదుగా తిరిగి వస్తూ నా వాక్యాన్ని మనసులో రెండుమూడు సార్లు చదువుకున్నాను. బాగా కుదిరిందనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పుస్తకం ఆకుపచ్చ అట్టతో వచ్చింది. వెనక పేజీలో కమిటీ సభ్యుల వరస, అందులో మూడోవాణ్ణి నేను. వర్కర్లందరినీ కేంద్రానికి పిలిపించి పాఠం నేనే చెప్పాను. వాగు అవతలి ఊరి ఆమె వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుని పట్టికను కూడబలుక్కుంటూ చదివింది.

"నేను చూసి ఇస్త గదా సారూ. నువ్వు గూడ కాటా పెట్టి చూస్తివి. ఏమన్న తప్పు పోయిందా?"

"పోలేదమ్మా. కానీ ఇప్పటిసంది చూసుడు బంద్. రాసున్నది చూడు."

"రాసినోడు పిల్లను చూసిండా?"

మిగతా వర్కర్లు నవ్వారు. నేనూ నవ్వేసి తర్వాతి పేజీ తిప్పాను. జవాబు లేనివాడు నవ్వుతాడని ఖమ్మంలో నేర్చుకుని వచ్చాను కదా.

ఆమె తన పద్ధతి మానలేదు. రెండు నెలల తర్వాత వర్కర్ల రిజిస్టర్లు తనిఖీ చేసే సూపర్‌వైజరు ఆమె రిజిస్టరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వయసు రాయాల్సిన గడిలో ఆమె "నడిచే పిల్ల", "బుట్ట పిల్ల", "కావడి" అని రాసి ఉంది. సూపర్‌వైజరుకు నవ్వాగలేదు. నాకు నవ్వు రాలేదు గానీ, అతను టైపు చేయించి తెచ్చిన మెమో మీద సంతకం మాత్రం పెట్టాను. ఇకముందు పుస్తకం తప్పితే పెట్టె వెనక్కి తీసుకుంటామని అందులో ఉంది. ఆ పెట్టె రాకముందు ఆ ఊళ్ళో వానాకాలం ఎలా గడిచేదో ఆమెకు తెలుసు. ఆమె సొంత పిల్లలిద్దరూ జ్వరంతో పోయింది ఆ రోజుల్లోనే. ఆ సంగతి నాకూ తెలుసు.

మెమో తీసుకున్నాక ఆమె వాదించలేదు. "పెట్టె మాత్రం గుంజుకోకు సారూ. నువ్వెట్ల చెప్తే గట్లనే చేస్త" అంది. దారికి వచ్చిందని సూపర్‌వైజరు తన డైరీలో రాసుకున్నాడు.

ఆమె ఊళ్ళోనే ఒక ఆశ్రమ బడి ఉంది. చుట్టుపక్కల లోపలి గూడేల పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. హాజరు తగ్గితే సీట్లు పోతాయి, సీట్లు పోతే పంతులుకు చిక్కు. నాట్ల కాలం వచ్చిందంటే తల్లిదండ్రులు కొంచెం పెద్ద పిల్లల్ని కూలికి వెంటబెట్టుకుని వేంసూరు వైపు పోయేవాళ్ళు. అప్పుడు పంతుళ్ళు ఒక ఉపాయం చేసేవాళ్ళు. అక్క చోట్లో చెల్లెల్ని, అన్న చోట్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు. హాజరు పిలిస్తే చెల్లెలు అక్క పేరుకు పలికేది. చిన్నదానికి వేళకు బువ్వ దొరుకుతుంది కాబట్టి తల్లిదండ్రులకూ నిమ్మళం. ఇది నాకు తెలియని సంగతి కాదు. పిల్లలను పరీక్షించడానికి బళ్ళకు వెళ్ళినప్పుడు రెండుమూడు చోట్ల చూసి, పంతులుతో కలిసి నవ్వాను కూడా. మరి ఖమ్మంలో "బడి రిజిస్టరు" అంటున్నప్పుడు ఎందుకు గుర్తు రాలేదు? గుర్తొచ్చే ఉంటుంది. పెద్దాయన శభాష్ అంటాడన్న ఆశ దాన్ని నొక్కేసి ఉంటుంది.

ఆ ఏడు వానాకాలంలో బడిలో జ్వరాలు మొదలయ్యాయి. వాగు నిండుగా పోతోంది. పంతులు పొద్దున్నే ఆమెకు కబురు పెట్టాడు. ఆమె పెట్టె, పుస్తకం పట్టుకుని వెళ్ళింది. పిల్లలు వరసగా చాపల మీద పడుకుని ఉన్నారు. పంతులు రిజిస్టరు చూసి వయసు చెప్తుంటే, ఆమె పట్టిక చూసి బిళ్ళలు ఇస్తూ వచ్చింది. చివరి చాప మీద ఒక చిన్నపిల్ల. ఏ గూడెం పిల్లో ఆమెకు తెలియదు.

"తొమ్మిదేండ్లు" అన్నాడు పంతులు.

"గిది తొమ్మిదేండ్ల పిల్లనా పంతులూ?"

"రికార్డుల గట్లనే ఉన్నది. రికార్డు అబద్ధమాడ్తదా? నీ పుస్తకంల ఏమున్నదో చదువు."

ఆమె చదివింది. తొమ్మిదేళ్ళకు మూడు బిళ్ళలు. ఆమె మెట్ల ప్రకారమైతే ఒక్కటి. పిల్ల నోరు తెరిపించి చూసింది. మళ్ళీ పంతులును అడిగింది. ఇది అక్క కాదు, చెల్లెలు అని ఆయన ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన అనలేదు. ఆమె మూడు బిళ్ళలూ బెల్లంలో నూరి, పిల్ల తల ఒడిలో పెట్టుకుని, కొంచెం కొంచెంగా నాకించింది. పిల్ల మారాం చేయలేదట. బెల్లం కదా, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచిందట. ఎండ నడినెత్తికి రాకముందే మత్తు కమ్మింది, తర్వాత ఫిట్సు వచ్చాయి. నన్ను పిలవడానికి మనిషి వాగు ఒడ్డుకు పరుగెత్తుతుండగానే పిల్ల ఆమె ఒళ్ళోనే పోయింది.

మర్నాడు పొద్దున వాగు కొంచెం తీశాక నేను దోనెలో దాటి వెళ్ళాను. డాక్టరు వచ్చేదాకా పూడ్చొద్దని పంతులు ఆపించాడు. బడి వరండాలో హాస్టలు దుప్పటి కప్పి పడుకోబెట్టారు. ఈగలు తోలుతూ ఆమె పక్కనే కూర్చుని ఉంది. నేను దుప్పటి తీసి పిల్ల పెదవి పైకెత్తి చూశాను. ముందుపళ్ళు చిన్న చిన్నవి, తెల్లగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. నాలుగేళ్ళు, మహా అయితే అయిదు.

"పండ్లు ఊడలే సారూ" అంది ఆమె. "నేను గూడ చూసిన."

"చూసి మరి ఎట్లిచ్చినవు?"

"చూసుడు బంద్ అంటివి గదా."

నాకు ముందు దుఃఖం రాలేదు. రోత వచ్చింది. అడుగున ఉన్న బురద కెలికితే పైకి వచ్చినట్టు, ఆ హాలు, ఆ నవ్వులు, ఆ నూనె చేతులు, నా వాక్యం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. పంతులు నన్ను పక్కకు పిలిచాడు. పెద్దపిల్ల తల్లిదండ్రుల వెంట నాట్లకు పోయిందని, ఇది చెల్లెలని అప్పుడు చెప్పాడు. "అవ్ సారూ, తప్పయింది. నా కొలువు పోతది సారూ, నా పిల్లలు ఆగమైతరు" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. విదిలించుకున్నాను. అంతకు మించి నేను చేసిందేమీ లేదు. పిల్లను బడి వెనక పూడ్చారు. తల్లికి కబురు ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియదు.

వాగు తగ్గాక విచారణకు పెద్దాయనే వచ్చాడు. పుస్తకానికి సంబంధించిన మొదటి చావు కాబట్టి స్వయంగా చూడాలట. పంతులు కోళ్ళు కోయించాడు. హాస్టలు పిల్లలు నీళ్ళచారు అన్నంలో కలుపుకుని తింటూ వంటగది వైపు చూస్తుంటే, మేం ఆఫీసు గదిలో విస్తర్లు వేసుకుని కోడికూర తిన్నాం. మేం అంటే నేను కూడా. కూర బాగుంది. రెండోసారి వడ్డించుకున్నాను. ఎన్ని రాసినా ఇది రాయకపోతే నేను రాసిందంతా బూటకమే అవుతుంది.

చేతులు కడుక్కుని వచ్చి వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆమె పెట్టె పక్కన పెట్టుకుని ఎదురుగా నిలబడింది. విచారణ మూడు ప్రశ్నలు. వయసు ఎంత అంటే పంతులు రిజిస్టరు తెరిచి తొమ్మిది అన్నాడు. ఎన్ని బిళ్ళలిచ్చావు అంటే ఆమె మూడు అంది. అప్పుడు పెద్దాయన నా వైపు తిరిగాడు.

"పట్టిక ప్రకారం సరిపోయిందా?"

పంతులు నా మొహం వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు. ఆమె మాత్రం సూటిగా నన్నే చూస్తోంది. నేను నిజం చెప్తానన్న నమ్మకంతోనే చూస్తోందని నాకు తెలుసు.

"సరిగ్గానే ఉంది సార్" అన్నాను.

నిజం చెప్తే ముందు పోయేది ఆమె పెట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో పిసరంత నిజం ఉంది. మిగతాదేమిటంటే, మధిరకు బదిలీ అడుగుతూ నేను పెట్టుకున్న అర్జీ ఆయన దగ్గరే ఉంది. పైగా ఆ వాక్యం నాది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అక్కడ పంచుకోవడానికి కూడా ఎవరూ చేయి చాపలేదు.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా, పుస్తకం ఉండబట్టే వర్కరు బయటపడింది. ఇప్పుడు ఎవరూ మనవైపు వేలెత్తి చూపలేరు" అన్నాడు. తీవ్రమైన జ్వరం వల్ల మరణం అని రాసుకున్నాడు. పంతులు రిజిస్టరులో పెద్దపిల్ల పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టాడు. రికార్డు ప్రకారం చనిపోయింది అక్క. ఆ వేళకు ఆ అక్క వేంసూరు వైపు ఏదో మడిలో మోకాటి లోతు బురదలో నాటు వేస్తోంది. చనిపోయిన పిల్ల ఏ రికార్డులోనూ ఏనాడూ లేదు.

"నా తప్పు లేదంటున్నరా?" అని ఆమె అడిగింది. ఆమె నోట బహువచనం వినడం నాకదే మొదటిసారి. మా అందర్నీ కలిపి అడుగుతోంది.

"లేదమ్మా. పుస్తకంలో ఉన్నట్టే చేశావు" అన్నాడు పెద్దాయన.

"పంతులుది?"

"ఆయన రికార్డులో ఉన్నది చదివాడు, అంతే కదా."

ఆమె నా వైపు తిరిగింది. "రాసినోళ్ళది?"

పెద్దాయనే అందుకున్నాడు. "పుస్తకం అందరి కోసం రాసింది. తప్పెవరిదీ కాదమ్మా. పిల్ల ఆయుష్షు అంతే."

ఆమె మొహంలో కోపం లేదు. లెక్క తేలక అడిగినట్టే అడిగింది.

"గట్లయితే పిల్లదే తప్పా?"

పెద్దాయన వాచీ చూసుకుని లేచాడు. ఆమె వంగి, రేకు పెట్టెను మా కుర్చీల ముందుకు జరిపి, పుస్తకం దాని మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గుంజుకోవద్దని నన్ను బతిమాలిన పెట్టె అది. నేను వెనక నుంచి పిలిచాను. తిరిగి చూడలేదు. పెట్టె నా జీపులోనే వెనక్కి వచ్చింది. ఆ వానాకాలం చివరిదాకా ఆ ఊరికి ఎవరూ దొరకలేదు.

నాట్లు అయ్యాక తల్లిదండ్రులు తిరిగొచ్చారు. చిన్నది పోయిందని వాళ్ళకు అప్పుడు తెలిసింది. కొన్నాళ్ళకు తల్లి పెద్దదాన్ని బడిలో దింపబోతే పంతులు చేర్చుకోలేదట. ఎలా చేర్చుకుంటాడు, ఆ పిల్ల చనిపోయింది కదా. ఈ సంగతి నాకు సూపర్‌వైజరు నవ్వుతూ చెప్పాడు. నేను అతన్ని బయటికి పొమ్మన్నాను. నా నోటి నుంచి వచ్చిన పౌరుషం మొత్తం అంతే.

చివరికి నాకు మధిర బదిలీ వచ్చింది. సామాను సర్దుకుంటుండగా పుస్తకం రెండో ముద్రణ ప్రూఫులు వచ్చాయి. ఆ ముద్రణ పక్క జిల్లాలకు కూడా వెళ్తుందట. మార్పులేమైనా ఉంటే ఎర్రసిరాతో గుర్తుపెట్టి రెండు రోజుల్లో పంపమని చీటీ ఉంది. జ్వరం పేజీ తీశాను. ఒక్క గీత కొడితే ఆ వాక్యం పోయేది. బహుశా అడిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు కాదు. కానీ ఎందుకు కొట్టారని ఎవరైనా అడిగితే చెప్పాల్సి వస్తుంది, చెప్తే ఆ వరండాలో నేనన్న మాట బయటికి వస్తుంది. పెన్ను మూత తీశాను. పట్టికలో ఒక చోట గీత వంకరగా ఉంటే దిద్దాను. నా వాక్యంలో ఒక అక్షరానికి కొమ్ము ఎగిరిపోతే పెట్టాను. పేజీ కింద "సరిచూశాను" అని రాసి సంతకం చేశాను.